గ్రామసభలో 312 చేతులు లేచాయి సరే, 41 మంది నడిచే దారి మూసేయొచ్చా?

మీరడిగింది క్లుప్తంగా ఇదండి. మీ ఊళ్లో పంచాయతీ చెరువుని చేపల పెంపకానికి వేలం పాటకి ఇద్దామనుకున్నారు. ఆ చెరువు గట్టు మీదుగానే పేటవాళ్లు శ్మశానానికి వెళ్తారు. గట్టు చుట్టూ కంచె వేసుకోనిస్తేనే మంచి రేటు పెడతామని పాటదారులు అంటున్నారు. ఓటర్లు 2,400 మంది ఉన్న ఊళ్లో గ్రామసభకి 353 మంది వస్తే 312 మంది దారి మూసి పాటకివ్వమన్నారు, 41 మంది వద్దన్నారు. వచ్చే డబ్బుతో మంచినీళ్ల ఫిల్టరు, బడికి ప్రహరీ కట్టాలని ఆలోచన. "పేటవాళ్లకి తారురోడ్డు మీదుగా రెండు కిలోమీటర్లు చుట్టూ తిరిగే దారి ఎలాగూ ఉంది. ప్రజాస్వామ్యం అంటే ఎక్కువమంది మాటే కదా, 41 మంది కోసం ఊరంతా ఆగాలా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. చెరువుని పాటకివ్వాలా వద్దా అన్నది చేతులెత్తించి తేల్చుకోవచ్చు. దారి మూయాలా వద్దా అన్నది చేతులెత్తించే విషయమే కాదు. ఆ 41 మంది తప్ప మిగతా ఊరంతా ఒక్క మాట మీద నిలబడినా ఆ రెండో ముక్క చెల్లదు. మీ తీర్మానంలో ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేశారు. చిక్కంతా అక్కడే మొదలైంది.

నేను పంచాయతీ కార్యదర్శిగా చేరి విస్తరణాధికారిగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకి పైగా, ఎక్కువగా కోనసీమ మండలాల్లోనే, గ్రామసభలు నడిపాను, మినిట్సు రాశాను. మీలాంటి ప్రశ్న నాకు ప్రతి రెండు మూడేళ్లకీ ఎదురైంది. అడిగినవాళ్లలో చాలామంది మీలాగే చెడ్డ ఉద్దేశం లేనివాళ్లు. ఊరికి నాలుగు డబ్బులొస్తే బాగుంటుందనుకున్నవాళ్లు.

ముందు ఆ 312 సంగతి చూద్దాం. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో ఉన్న అందరూ. 2,400 మందిలో 312 అంటే నూటికి పదమూడు మంది. మిగిలిన రెండు వేల పైచిలుకు మంది ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. సభ ఏ వేళకి పెట్టారో మీరు రాయలేదు. ఊడ్పుల రోజుల్లో పొద్దున్న పదకొండింటికి పెట్టి ఉంటే కూలికెళ్లే మనిషి ఒక్కరూ ఉండరు. పేట నుంచి 41 మంది వచ్చారంటే ఆ పూట కూలి వదులుకుని వచ్చారని నేననుకుంటాను.

ఇంకో సంగతి. మన డెల్టాలో దున్నేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువ. చేయి ఎత్తే ముందు కౌలురైతు భూమిగలాయన ముఖం వైపు చూడటం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. కాగితం మీద రెండు ఓట్లే గానీ అక్కడ ఉన్న మాట ఒక్కటే. సాధారణ ఎన్నికలో రహస్య ఓటు పెట్టింది ఇందుకే. గ్రామసభలో ఆ తెర లేదు. అంచేత చేతులెత్తిన లెక్కని ఎన్నిక ఫలితంలా చూడకండి.

గుంపు లెక్కని అసలే నమ్మకండి. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు జరిగి మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టిన రోజు, "జనమంతా మావైపే ఉన్నారు" అని నాతో గట్టిగా అన్నవాళ్లున్నారు. ఎవరు లెక్కపెట్టారని అడిగితే జవాబు లేదు.

సరే, లెక్క పక్కాగా ఉందనే అనుకుందాం. 2,400 మందీ వచ్చారు, 2,359 మంది ఒకవైపు ఉన్నారు. అప్పుడైనా ఎందుకు చెల్లదు? దీనికి చట్టం మాట తర్వాత చెప్తాను. ముందు నా పొలం సంగతి చెప్పాలి.

మాది మధ్య డెల్టాలో కాలువ శివారు భూమి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇవాళ మూడు డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాల ఆయకట్టు. సార్వాలో, అంటే వానాకాలం పంటకి, బాధ లేదు, నీళ్లు ఎక్కువైతేనే బాధ. దాళ్వాలోనే, అంటే రెండో పంటకే, అసలు పరీక్ష. గోదాట్లో నీళ్లు తగ్గిన ఏడు ఎగువ తూముల దగ్గర నిండుగా పారుతుంది, మా బోదెలో, అంటే పిల్లకాలువలో, నేల నెర్రెలిస్తుంది. 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాక, ఒక దాళ్వాలో చేలు పొట్ట మీదున్నప్పుడు లాకుల దగ్గర మా సంఘం మీటింగు పెట్టారు. వంతులు వద్దు, పారినంత పారనివ్వాలని ఎగువవాళ్లు తీర్మానం పెట్టారు. చేతులెత్తించారు. వాళ్లే ఎక్కువమంది, తీర్మానం నెగ్గింది. నేనా రోజు అధికారిగా వెళ్లలేదు, రైతుగా వెళ్లాను. ఇంటికొచ్చేటప్పుడు దారంతా ఒకటే ఆలోచన. నేను ఎంత బాగా మాట్లాడినా, ఎంతమందిని ఒప్పించినా, నా పొలం ఎగువకి జరగదు. వచ్చే ఏడూ ఆ పై ఏడూ ఇదే తీర్మానం ఇలాగే నెగ్గుతుంది. ఎగువ రైతు ఎప్పటికీ శివారు రైతు కాడు గనక శివారులో ఏమైనా ఆయనకి పోయేదేమీ లేదు.

పది రోజులు తిరిగాక ఇరిగేషన్ వాళ్లు వచ్చి వంతులు పెట్టారు. ఎవరికి ఏ రోజులో బోర్డు మీద రాసి లాకుల దగ్గర కట్టించారు, తూము తాళం నీళ్లు వదిలే లస్కరు చేతికిచ్చారు. ఆ ఏడు మా వైపు ఎకరానికి ఐదారు బస్తాలు పోయాయి. అయినా చేను పూర్తిగా ఎండలేదు. నీళ్లు ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అన్నదాన్ని మన పెద్దలు చేతులెత్తించి తేల్చలేదు, వంతు పెట్టి తేల్చారు. ఎందుకో ఆ పది రోజుల్లో నాకు తెలిసొచ్చింది.

అందుకే ఏ తీర్మానం నా ముందుకొచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఇది: ఇవాళ ఓడిపోయినవాళ్లు రేపు గెలిచే వీలుందా? ఫిల్టరు ముందు కట్టాలా, ప్రహరీ ముందు కట్టాలా అన్నదాంట్లో ఇవాళ ఓడినవాడు వచ్చే సభలో నలుగురిని ఒప్పించి గెలవొచ్చు. అక్కడ ఎక్కువమంది మాట చెల్లాలి, చెల్లకపోతే ఊళ్లో ఏ పనీ జరగదు. రాష్ట్రంలోనే చూడండి. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 175లో 23 సీట్లే వచ్చాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కీ ఇంచుమించు అంతే శాతం వస్తే 11 సీట్లు వచ్చాయి. పాత ఉభయగోదావరి జిల్లాల్లోని 34 సీట్లూ తెలుగుదేశం కూటమికే పోయాయి. ఓడినవాళ్లకి కష్టమే. కానీ 23 సీట్లవాళ్లు ఐదేళ్లకి తిరిగి గెలిచారు గదా. ఆ దారి తెరిచి ఉంది కాబట్టే ఓడినవాడు ఫలితాన్ని ఒప్పుకుని ఇంటికెళ్తాడు.

పేట అలా కాదండి. 41 మంది ఎన్ని సభలకొచ్చినా 41 మందే. వాళ్లది అభిప్రాయం వల్ల వచ్చిన మైనారిటీ కాదు, పుట్టిన చోటు వల్ల వచ్చినది. అంబేడ్కర్ 1940లలో ఈ తేడానే పట్టి చెప్పారు. రాజకీయ మెజారిటీ కూడుతుంది, చెదురుతుంది, మళ్లీ కూడుతుంది. పుట్టుకతో వచ్చిన మెజారిటీ చెదరదు. చెదరని మెజారిటీ చేతిలో అన్నీ పెట్టేస్తే దాన్ని స్వపరిపాలన అనలేం.

ఇప్పుడు చట్టం. పంచాయతీ కూడా రాజ్యాంగం దృష్టిలో ప్రభుత్వంలో భాగమే, 12వ అధికరణం స్థానిక సంస్థల్ని కలిపే చెప్పింది. ప్రాథమిక హక్కులకి విరుద్ధంగా ప్రభుత్వం ఏ చట్టం చేసినా, ఏ ఉత్తర్వు ఇచ్చినా చెల్లదని 13వ అధికరణం. పార్లమెంటుకే లేని అధికారం మన రామాలయం అరుగు మీద ఎక్కడిది? మీరు పేట అన్నారు గనక అది ఎస్సీ పేటే అనుకుంటున్నాను. అయితే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో శ్మశానం వాడుకోవడాన్ని, దారిలో నడవడాన్ని అడ్డుకోవడం శిక్షపడే నేరం. సామాజిక బహిష్కరణ చేసినా, చేస్తామని బెదిరించినా నేరమే. దారి మూయించి, తర్వాత పేటవాళ్లు ఫిర్యాదు చేశారని ఎవరైనా వాళ్లని కూలికి పిలవడం మానేస్తే, చేతులెత్తిన మామూలు మనుషులు కూడా కేసులో ఇరుక్కుంటారు. తీర్మానం వాళ్లని కాపాడదు.

"హక్కు హక్కు అంటే ఒక్కరు అడ్డం తిరిగినా ఆగాల్సిందేనా" అని మీకనిపించొచ్చు. ముగ్గురు పిల్లల సంగతి చెప్తాను. 1985లో కేరళలో ఒక బళ్లో జాతీయగీతం పాడేటప్పుడు ముగ్గురు పిల్లలు గౌరవంగానే లేచి నిలబడ్డారు గానీ నోరు విప్పలేదు. వాళ్లది యెహోవా సాక్షులనే చిన్న క్రైస్తవ శాఖ, వాళ్ల విశ్వాసం పాడటానికి ఒప్పుకోదు. బళ్లోంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి మన తెలుగాయనే. లెక్కలోకి రానంత చిన్న మైనారిటీకైనా రాజ్యాంగం కింద చోటు దొరుకుతుందా లేదా అన్నదే ప్రజాస్వామ్యానికి అసలు పరీక్ష అని ఆయన రాశారు. దేశం మొత్తం మీద ఓటు పెట్టి ఉంటే ఆ పిల్లలకి ఎన్ని ఓట్లొచ్చేవో మీరే ఊహించుకోండి. మీ 41 మంది అడుగుతున్నది అంతకంటే చాలా మామూలు విషయం, చచ్చిపోయినవాళ్లని మోసుకెళ్లే దారి.

కోర్టుల్లోనూ తేల్చేది ఎక్కువమంది జడ్జీలే కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. నిజమే. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదని 1973లో కేశవానంద భారతి కేసులో చెప్పింది 13 మందిలో ఏడుగురు, ఆరుగురు కాదన్నారు. అత్యవసర పరిస్థితిలో, 1976లో, అక్రమంగా నిర్బంధించినా పౌరుడు కోర్టుకి రాలేడని నలుగురు జడ్జీలన్నారు. జస్టిస్ ఖన్నా ఒక్కరే కాదన్నారు. 2017లో సుప్రీంకోర్టే ఆ నలుగురి తీర్పు తప్పని కొట్టేసింది. కాబట్టి కోర్టు తప్పు చేయదని నేననను. ఆ ఒక్కడి మాట చెరిపేయకుండా రాసి ఉంచారు గనక నలభై ఏళ్ల తర్వాత దిద్దుకోగలిగారని అంటాను. మీ మినిట్సు పుస్తకంలో 41 మంది అభ్యంతరం, వాళ్లు చెప్పిన కారణంతో సహా రాశారా? "మెజారిటీ సభ్యుల ఆమోదంతో" అని ఒక్క లైను రాసి ఊరుకున్నారా? చూడండి.

ఏకగ్రీవం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఇది నా మనసులో ఇప్పటికీ ఉంది. ఒక ఊళ్లో సర్పంచి పదవి ఎస్సీ మహిళకి రిజర్వయింది. పెద్దలు కూర్చుని ఒకావిడ పేరు ఖాయం చేసేశారు. పేటలోంచే డిగ్రీ చదివిన ఇంకో అమ్మాయి నామినేషన్ వేసింది. ఉపసంహరణ రోజు మూడింటికి పావుగంట ముందు, నలుగురు మగవాళ్లు వెంట రాగా ఆ అమ్మాయి వచ్చి కాగితం ఇచ్చింది. నీ ఇష్టంతోనేనా అమ్మా అని అడిగాను. ఔనండి అంది, తల ఎత్తలేదు. సంతకం ఆమెదే, కాగితంలో లోపం లేదు, నేను తీసుకున్నాను. వాళ్లని బయటికి పంపి మళ్లీ ఒకసారి అడిగి ఉండాల్సింది. ఆ ఊరికి ఏకగ్రీవం ప్రోత్సాహకం వచ్చింది, రోడ్డు పడింది. ఏకగ్రీవాలన్నీ ఇలాంటివే అనను, నిజంగా కలిసి నడిచే ఊళ్లూ చూశాను. కానీ 312కి సున్నా అని లెక్క కనపడితే నేను ఎక్కువ భయపడతాను. మీ ఊళ్లో 41 మంది నిలబడి వద్దని చెప్పగలిగారు, అది మీ ఊరికి మంచి గుర్తు.

దీనికి రెండో వైపు కూడా ఉందండి, అది చెప్పకపోతే తప్పవుతుంది. తక్కువమంది కోరిందల్లా హక్కు కాదు. మా మండలంలో ఒక డ్రెయినుని ఆరుగురు చెరువులవాళ్లు ఆక్రమించి గట్లు పోశారు. ఉన్న కాస్త దారిలో గుర్రపుడెక్క. అక్టోబరు వానలకి పైనున్న వందల ఎకరాల సార్వా పంట మునిగేది. తీయమంటే వాళ్లు కూడా "మేం మైనారిటీ, మా బతుకుదెరువు మీద పడుతున్నారు" అన్నారు. అది హక్కు కాదు, అందరి డ్రెయినులో వాళ్లు ఎత్తుకున్న ముక్క. అక్కడ గ్రామసభ తీర్మానమే పని చేసింది, సర్వే చేయించి గట్లు కొట్టించాం. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో ఈ ముంపు కూడా ఉంది. కాబట్టి ఎవరు తక్కువమందో చూసి వాళ్ల వైపు నిలబడటం కాదు. మూస్తామంటున్న ఆ వస్తువు ఎవరిది అన్నది చూడాలి.

అన్నీ ఇంత సులువుగా తేలవు. పోలవరం నాకు తేలలేదు. కాలువ కింద పొలం ఉన్నవాణ్ని, ప్రాజెక్టు కావాలని కోరుకున్నవాణ్నే. మన లెక్కలో లక్షల మందికి నీళ్లు. ఎగువన కొండరెడ్ల, కోయల ఊళ్లు మునుగుతాయి. 2014లో ఏడు మండలాల్ని తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపేటప్పుడు ఆ జనం ఎటు ఉంటారని ఓటు పెట్టలేదు, పెట్టినా మన సంఖ్య ముందు వాళ్ల సంఖ్య ఆనదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మన లంకలూ మునిగాయి, ఆ మండలాలూ మునిగాయి. నీళ్లు తీశాక మనవాళ్లు లంకలకి తిరిగొచ్చారు. ఆ మండలాలవాళ్లలో ఎంతోమందికి తిరిగొచ్చే ఊరే శాశ్వతంగా పోతుంది. ఆనకట్ట కట్టాలా అన్నది ఎక్కువమంది తేల్చొచ్చని ఒప్పుకుంటాను. కానీ మునిగేవాడికి ముందు ఇల్లూ భూమీ చూపించాలా, తర్వాత చూద్దామా అన్నది మనం ఓటేసి తేల్చుకోవడానికి మనదా? కాదని నా గట్టి నమ్మకం.

మళ్లీ మీ చెరువు దగ్గరికొద్దాం. తారురోడ్డు మీదుగా చుట్టూ తిరిగొచ్చు అన్నారు. శ్రావణమాసం ముసుర్లో పాడె భుజాన పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడిచి చూస్తే ఆ మాట మీరనరు.

చేయాల్సింది ఇది. ముందు మీ వీఆర్వో దగ్గరో సర్వేయరు దగ్గరో ఎఫ్ఎంబీ, అంటే పొలాల కొలతల పుస్తకం, తీయించి ఆ గట్టు దారి పుంతగా, అంటే అందరూ నడిచే దారిగా, ఉందేమో చూడండి. రికార్డులో పుంత అని ఉంటే పంచాయతీ తీర్మానంతో దాన్ని మూసే ప్రసక్తే లేదు. లేకపోయినా దారి హక్కు పోదు, ఏళ్ల తరబడి వాడుకతో వచ్చే హక్కుని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం గుర్తిస్తుంది. అంచేత పేటలో పెద్దవయసువాళ్లు ఎప్పటి నుంచి ఆ దారిన వెళ్తున్నారో రాయించి పెట్టుకోండి.

తర్వాత తీర్మానాన్ని రెండుగా విడగొట్టమని సర్పంచి గారిని అడగండి. పాట సంగతి ఒకటి, దారి సంగతి ఒకటి. పాట షరతుల్లోనే "గట్టు మీద దారి ఎప్పుడూ తెరిచి ఉంచాలి, కంచె చెరువు లోపలి అంచుకి వేసుకోవాలి" అని పెట్టించండి. ఒక ఊళ్లో నేనిలాగే చేయించాను. మొదటి ఏడు పాట కొంచెం తగ్గింది, రెండో ఏడు మామూలుకొచ్చేసింది. చేపలు దొంగలు పడతారన్న భయం ఉంటే గట్టు మీద రెండు లైట్లు వేయించండి, ఖర్చు పెద్దదేం కాదు. నిజంగానే గట్టు బలహీనంగా ఉండి దారి మార్చక తప్పకపోతే, పేటవాళ్లు తమలో తాము కూర్చుని ఒప్పుకోవాలి. కొత్త దారి ముందు వేసి, వాళ్లు దాని మీద నడిచాకే పాతది కదపాలి.

సర్పంచి గారు వినకపోతే జిల్లా పంచాయతీ అధికారికి రాయండి, సోమవారం కలెక్టరేటులో జరిగే గ్రీవెన్సులో అర్జీ ఇవ్వండి. అధికార పరిధి దాటిన తీర్మానాన్నీ, ఊళ్లో గొడవలకి దారితీసే తీర్మానాన్నీ రద్దు చేసే వీలు పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. అర్జీ మీద పేటవాళ్లతో పాటు ఆ 312 మందిలో మీలాంటి పదిమంది సంతకాలు కూడా ఉంటే ఫైలు త్వరగా కదులుతుంది, ఇది నా అనుభవం. ఎఫ్ఎంబీలో గట్టు ఏ సర్వే నంబరు కింద ఉందో, పుంత అని రాసి ఉందో లేదో చూసి ఇక్కడే చెప్పండి. అర్జీ ఎలా రాయాలో నేను రాసిస్తాను.